పరీక్షల టెన్షన్, సాయంత్రం పరుగు: ఒంట్లో ఏం జరుగుతుంది?

అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో 11 మంది డెంటల్ విద్యార్థులు ఒక పరిశోధన కోసం తమ అంగిట్లో చిన్న గాయం చేయించుకున్నారు. గాయం వెడల్పు మూడున్నర మిల్లీమీటర్లు. మొదటిసారి వేసవి సెలవుల్లో, రెండోసారి పెద్ద పరీక్షకు మూడు రోజుల ముందు, అంగిట్లోనే రెండో పక్కన. మనిషీ ఒకరే, గాయమూ ఒకే కొలత. పరీక్షల ముందు చేసిన గాయం మానడానికి సగటున మూడు రోజులు ఎక్కువ పట్టింది. అంటే దాదాపు 40 శాతం ఆలస్యం. 11 మందిలో ఒక్కరికి కూడా సెలవుల్లో మానినంత త్వరగా మానలేదు. 1998లో ప్రచురితమైన ఈ అధ్యయనం చిన్నదే. కానీ ప్రతి విద్యార్థినీ ఆ విద్యార్థితోనే పోల్చి చూశారు కాబట్టి ఫలితాన్ని తేలిగ్గా తీసిపారేయలేం.

పరీక్షలప్పుడే పిల్లలకు జలుబు చేయడం, నోరు పూయడం, పెదవి మీద పొక్కులు రావడం మన ఇళ్లలో అందరూ చూసేదే. బయటి తిండి అంటారు, నీళ్లు మారాయంటారు, దిష్టి తగిలిందంటారు. టెన్షన్ వల్ల అనేవాళ్లూ ఉన్నారు. వాళ్ల మాటలో నిజం చాలానే ఉంది. అయితే అక్కడితో ఆగిపోతే అసలు సంగతి చేజారిపోతుంది. ఎందుకంటే గ్రౌండ్‌లో నాలుగు రౌండ్లు పరిగెత్తినా శరీరానికి అది కూడా ఒత్తిడే. గుండె దడదడలాడుతుంది, ఒత్తిడి హార్మోన్లయిన అడ్రినలిన్ ఎగదన్నుతుంది, కార్టిసాల్ పెరుగుతుంది. ఒక ఒత్తిడి ఆరోగ్యాన్ని తీస్తే, ఇంకొకటి ఎలా ఇస్తోంది?

ముందుగా రోగనిరోధక శక్తి గురించి ఒక అపోహ తొలగించుకోవాలి. ఫోన్ బ్యాటరీలా అది ఒక్క అంకెలో పెరిగి తరిగేది కాదు. పుట్టుకతో వచ్చే తక్షణ రక్షణ ఒకటి. ఒక్కో క్రిమినీ గుర్తుపెట్టుకుని పనిచేసే తెల్ల రక్తకణాలైన టీ కణాలు, బీ కణాలు వేరు. క్రిములకు అతుక్కుని వాటిని అడ్డుకునే యాంటీబాడీలు వేరు. ఇవన్నీ కలిసి ఒకేసారి పైకి పోవు, ఒకేసారి కిందికి రావు. పైగా ఎక్కువైతే మంచిదన్న లెక్క కూడా లేదు. ఆస్తమా, అలర్జీలు, కీళ్లవాతంలో ఒక రకం ఇలాంటివన్నీ రక్షణ వ్యవస్థ అతిగా స్పందించడం వల్ల వచ్చే బాధలే. అమెరికాలో తేలికపాటి ఆస్తమా ఉన్న 20 మంది కాలేజీ విద్యార్థులకు ఒత్తిడి తక్కువ ఉన్న రోజుల్లో ఒకసారి, ఫైనల్ పరీక్షల్లో ఒకసారి వాళ్లకు పడని పదార్థాన్ని కొద్ది మోతాదులో పీల్పించి చూశారు. పరీక్షల రోజుల్లో ఊపిరితిత్తుల్లో వాపు ఎక్కువ కనిపించింది. అంటే అదే టెన్షన్ ఒక చోట గాయాన్ని మాననివ్వలేదు, ఇంకొక చోట అక్కర్లేని వాపును పెంచింది. ‘ఇమ్యూనిటీ తగ్గింది’ అన్న ఒక్క మాటలో ఈ రెండూ ఇమడవు.

ఈ విషయంలో ఎక్కువ పని చేసినవాళ్లు ఒహాయో స్టేట్‌కే చెందిన జానిస్ కీకోల్ట్ గ్లేసర్, రోనాల్డ్ గ్లేసర్ దంపతులు. ఆమె మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన వైరస్‌ల శాస్త్రవేత్త. 1980ల మొదట్లోనే మెడికల్ విద్యార్థుల నుంచి పరీక్షలకు నెల ముందు ఒకసారి, పరీక్షల నడుమ ఒకసారి రక్తం తీసుకుని పోల్చడం మొదలుపెట్టారు. వైరస్ సోకిన కణాలను చంపే నేచురల్ కిల్లర్ కణాల చురుకు పరీక్షల్లో తగ్గింది. టీ కణాలు విడుదల చేసే ఇంటర్‌ఫెరాన్ గామా అనే రసాయనమూ తగ్గింది. ఇంతకన్నా ఆసక్తికరమైనది ఎప్‌స్టీన్ బార్ వైరస్ సంగతి. ఈ వైరస్ చాలామందికి చిన్నప్పుడే సోకి, జీవితాంతం బీ కణాల్లో నిద్రాణంగా ఉండిపోతుంది. టీ కణాలు దాన్ని అదుపులో పెడుతూ ఉంటాయి. పరీక్షల సమయంలో విద్యార్థుల రక్తంలో ఈ వైరస్ మీద యాంటీబాడీలు పెరిగాయి. పెరిగాయంటే బాగుందనుకుంటాం. నిజానికి అదుపు సడలి వైరస్ మళ్లీ కదిలిందని, అందుకే యాంటీబాడీలు తయారయ్యాయని దాని అర్థం. పరీక్షలప్పుడు పెదవి మీద వచ్చే పొక్కుల కథా ఇలాంటిదే. వాటికి కారణమైన హెర్పిస్ వైరస్ బయటి నుంచి కొత్తగా రాలేదు, నరాల్లో ఎప్పటి నుంచో దాక్కుని ఉన్నదే లేచింది.

అదే బృందం 48 మంది మెడికల్ విద్యార్థులకు పరీక్షల చివరి రోజున హెపటైటిస్ బీ టీకా ఇచ్చి చూసింది. తొలి డోసుకే యాంటీబాడీలు వచ్చినవాళ్లలో ఒత్తిడి, ఆందోళన తక్కువ. తోడుగా మనుషులున్నారని భావించినవాళ్లలో మూడో డోసు తర్వాత స్పందన బాగుంది. పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో 83 మంది ఫస్టియర్ విద్యార్థులకు ఫ్లూ టీకా ఇచ్చినప్పుడు కూడా ఇలాంటి ఫలితమే వచ్చింది. ఒంటరితనం ఎక్కువగా అనిపించినవాళ్లలో టీకాలోని ఒక భాగానికి యాంటీబాడీలు తక్కువగా తయారయ్యాయి. ఊరు విడిచి, అమ్మానాన్నలను విడిచి హాస్టల్‌కు వచ్చిన ప్రతి ఫస్టియర్ పిల్లనూ పిల్లాడినీ తలచుకుంటే ఈ ఫలితం నన్ను అన్నిటికన్నా ఎక్కువ కలవరపెడుతుంది.

ఒత్తిడి మొదలైన క్షణంలో నరాల ద్వారా సందేశం వెళ్లి అడ్రినలిన్ విడుదలవుతుంది. ఇది సెకన్ల పని. ప్లీహంలో ఉన్న, రక్తనాళాల గోడలను అంటిపెట్టుకున్న తెల్ల రక్తకణాలు ఒక్కసారిగా రక్తంలోకి దూకుతాయి. కాసేపటికి అవి రక్తాన్ని వదిలి చర్మం, ఊపిరితిత్తులు, పేగుల వంటి చోట్లకు చేరతాయి. దెబ్బ తగిలితే, క్రిమి ప్రవేశిస్తే ముందు అవసరమయ్యేది అక్కడే కదా. కాబట్టి కొద్ది నిమిషాల ఒత్తిడి రక్షణను దెబ్బతీయదు, సిద్ధం చేస్తుంది. వైవాకు పిలుపు వచ్చినప్పుడు చేతులకు పట్టే చెమటను చూసి ఆరోగ్యం పాడైపోతోందని భయపడాల్సిన పని లేదు.

రెండోది కార్టిసాల్. మెదడులోని హైపోథాలమస్ అనే భాగం నుంచి పిట్యూటరీ గ్రంథికి, అక్కడి నుంచి మూత్రపిండాల మీద కూర్చున్న అడ్రినల్ గ్రంథులకు ఆదేశం వెళితే ఇది విడుదలవుతుంది. ఉదయం ఎక్కువగా, రాత్రి తక్కువగా ఉండటం దాని సహజ లయ. దీన్ని విలన్‌గా చూపించే వీడియోలు చాలా తిరుగుతున్నాయి గానీ, కార్టిసాల్ లేకపోతే మనిషి బతకడు. మంట, వాపు హద్దు మీరకుండా ఆపేది ఇదే. కోవిడ్ సమయంలో ఆక్సిజన్ అవసరమైన రోగుల ప్రాణాలు కాపాడిన డెక్సామెథసోన్ కూడా ఈ కుటుంబానికి చెందిన స్టెరాయిడ్ మందే. అదే స్టెరాయిడ్లను 2021లో విచ్చలవిడిగా వాడినప్పుడు, అదుపులో లేని షుగర్ కూడా తోడై, బ్లాక్ ఫంగస్ ఎంతమందిని పొట్టనపెట్టుకుందో మనం మరిచిపోలేదు. ఎంత మోతాదు, ఎన్ని రోజులు అన్నదాన్ని బట్టే అది మేలో కీడో తేలుతుంది.

రోజుల తరబడి, నెలల తరబడి కార్టిసాల్ దిగకుండా ఉంటే ఇంకో చిక్కు వస్తుంది. రక్తకణాలు దాని మాట వినడం మానేస్తాయి. అప్పుడు వాపును ఆపేవాళ్లు ఉండరు. జలుబు చేసినప్పుడు మనం పడే బాధలో ముక్కు దిబ్బడ, గొంతు మంట, ఒళ్లు నొప్పుల్లో చాలా భాగం వైరస్ చేసేది కాదు, దాని మీద మన ఒళ్లు చేసే యుద్ధం వల్ల వచ్చేది. ఆ యుద్ధానికి పగ్గాలు లేకపోతే జలుబు కూడా మంచాన పడేస్తుంది. కార్నెగీ మెలన్‌కు చెందిన షెల్డన్ కోహెన్ 2012లో చూపించింది ఇదే.

కోహెన్ పేరు ఇక్కడ ఇంకొక కారణానికి చెప్పుకోవాలి. ఇంగ్లండ్‌లోని సాలిస్‌బరీలో జలుబు మీద పరిశోధనకే ప్రత్యేకంగా ఒక కేంద్రం ఉండేది. అక్కడ కోహెన్, ఆయన సహచరులు 394 మంది ఆరోగ్యవంతుల ముక్కుల్లో జలుబు కలిగించే వైరస్ చుక్కలు వేసి, విడిగా ఉంచి, ఎవరికి జలుబు చేస్తుందో చూశారు. ఒత్తిడి తక్కువ ఉన్నవాళ్లలో సుమారు 27 శాతం మందికి జలుబు చేస్తే, ఎక్కువ ఉన్నవాళ్లలో 47 శాతం మందికి చేసింది. 1991లో వచ్చిన ఈ ఫలితం తర్వాత, ఎలాంటి ఒత్తిడి అన్న ప్రశ్న మిగిలింది. 1998లో 276 మందితో చేసిన అధ్యయనం దానికి జవాబిచ్చింది. నెల కన్నా తక్కువ కాలం ఉన్న ఒత్తిడి జలుబు ముప్పును పెంచలేదు. నెల దాటి సాగినది పెంచింది. వాటిలో ముఖ్యమైనవి రెండు: ఉద్యోగం లేకపోవడం లేదా తగిన ఉద్యోగం దొరక్కపోవడం, ఇంట్లోవాళ్లతోనో స్నేహితులతోనో తెగని గొడవ.

నా దృష్టిలో మొత్తం వ్యవహారానికి తాళంచెవి ఇదే. గుండె ఎంత వేగంగా కొట్టుకుంది అన్నదాని కన్నా, అది మళ్లీ ఎప్పుడు నెమ్మదించింది అన్నది ముఖ్యం. రెండు వారాల సెమిస్టర్ పరీక్షలు ముగిసి పిల్లలు ఊరెళ్లి కంటి నిండా నిద్రపోతే శరీరం సర్దుకుంటుంది. మన దగ్గర చాలామంది పిల్లలకు ఆ ముగింపు రాదు. ఇంటర్ రెండేళ్లు వీక్లీ టెస్టులు, గోడ మీద ర్యాంకుల జాబితా, సెలవుల్లోనూ కోచింగ్. ఇంజినీరింగ్‌లో చేరాక బ్యాక్‌లాగ్‌లు. మూడో ఏడు నుంచి ప్లేస్‌మెంట్ల దిగులు. అప్పు చేసి ఫీజు కట్టిన తండ్రి ముఖం ఎప్పుడూ కళ్ల ముందే. పరీక్ష మూడు గంటలదే. దాని భయం మాత్రం ఏళ్ల తరబడి సాగుతోంది.

ఇప్పుడు వ్యాయామం దగ్గరికి వద్దాం. 1901 బోస్టన్ మారథాన్‌లో పరిగెత్తిన వారి రక్తంలో తెల్ల రక్తకణాలు బాగా పెరిగాయని లారబీ అనే వైద్యుడు ఆ మరుసటి ఏడే రాశాడు. ఆ తర్వాత ఎన్నో సార్లు రుజువైన సంగతి ఇది. పరుగు మొదలవగానే లింఫోసైట్లు అనే రకం తెల్ల రక్తకణాలు, ముఖ్యంగా నేచురల్ కిల్లర్ కణాలు, రక్తంలో కొన్ని రెట్లు పెరుగుతాయి. ఆపాక గంటా రెండు గంటల్లో మామూలు కన్నా కిందికి పడిపోతాయి. ఈ పడిపోవడాన్ని చూసే శాస్త్రవేత్తలు చాలా కాలం కంగారుపడ్డారు. కఠిన వ్యాయామం తర్వాత కొన్ని గంటలు క్రిములకు తలుపు తెరిచి ఉంటుందని ఒక సిద్ధాంతం పుట్టింది. 1987 లాస్ ఏంజెలెస్ మారథాన్ దానికి బలమిచ్చింది. వ్యాయామ శాస్త్రవేత్త డేవిడ్ నీమన్ బృందం 2,311 మంది రన్నర్లను అడిగితే, పరుగులో పాల్గొన్నవాళ్లలో 12.9 శాతం మంది ఆ వారంలో జలుబు, దగ్గు లాంటివి వచ్చాయన్నారు. శిక్షణ పొందీ వేరే కారణాల వల్ల పరిగెత్తని వాళ్లలో 2.2 శాతమే.

జిమ్‌కు వెళితే ఇమ్యూనిటీ పడిపోతుందని ఈనాటికీ కొందరు చెప్పే మాటకు మూలం ఇలాంటి లెక్కలే. 2018లో బ్రిటన్‌లోని బాత్ యూనివర్సిటీకి చెందిన క్యాంప్‌బెల్, టర్నర్ ఈ నమ్మకాన్ని గట్టిగా ప్రశ్నించారు. మారథాన్ లెక్క రన్నర్లు తామే చెప్పిన లక్షణాల మీద ఆధారపడింది, ల్యాబ్‌లో వైరస్‌ను పట్టుకోలేదు. గంటల తరబడి పొడిగాలి పీల్చినా గొంతు మండుతుంది. వేల మంది గుంపు, ప్రయాణం, ముందు రాత్రి కరవైన నిద్ర కూడా కారణాలు కావచ్చు. ఇక రక్తంలో తగ్గిన కణాలు చచ్చిపోలేదు. జాతర రోజున పోలీస్ స్టేషన్ ఖాళీగా కనిపిస్తే ఊళ్లో పోలీసులు తగ్గిపోయారని ఎవరూ అనుకోరు కదా. కణాలు కూడా ఊపిరితిత్తులకు, పేగులకు కాపలాకు వెళ్లాయి. మారథాన్ స్థాయి శ్రమ గురించి నిపుణుల మధ్య వాదన ఇంకా నడుస్తోంది. మితమైన వ్యాయామం మేలన్న విషయంలో మాత్రం రెండు పక్షాలదీ ఒకటే మాట. కాలేజీలో చదివే పిల్లల్లో మారథాన్లు పరిగెత్తేవాళ్లు ఎందరు? మనవాళ్ల సమస్య అసలు కదలకపోవడమే.

నీమన్ బృందమే 1,002 మంది పెద్దవాళ్లను 12 వారాలు గమనించింది. వారానికి ఐదు రోజులో అంతకన్నా ఎక్కువో వ్యాయామం చేసేవాళ్లు జలుబుతో బాధపడిన రోజులు, దాదాపు కదలని వాళ్లతో పోలిస్తే 43 శాతం తక్కువ. ఆరోగ్యంగా ఉన్నవాళ్లే వ్యాయామం చేయగలుగుతారన్న కోణాన్ని మరిచిపోకూడదు. అందుకే ఆ అంకెను అచ్చంగా నమ్మమనను. కానీ శరీరం లోపల జరిగేది కూడా ఆ వైపే చూపిస్తోంది. పనిచేస్తున్న కండరం ఇంటర్‌ల్యూకిన్ 6 అనే రసాయనాన్ని విడుదల చేస్తుందని కోపెన్‌హాగన్‌కు చెందిన బెంటె పెడర్సన్ బృందం చూపింది. సుదీర్ఘ వ్యాయామంలో అది రక్తంలో వంద రెట్ల దాకా పెరగగలదు. జబ్బు చేసినప్పుడు అదే రసాయనం వాపుకు గుర్తు. కండరం నుంచి కాసేపు వచ్చి తగ్గిపోయినప్పుడు మాత్రం వాపును చల్లార్చే ఇతర రసాయనాలను పిలుస్తుంది. కార్టిసాల్ మాటను కణాలు పెడచెవిన పెట్టే విద్యార్థికి ఈ రెండో దారి ఎంత విలువైనదో ఆలోచించండి.

పరుగుకు మొదలుంది, ముగింపు ఉంది. నలభై నిమిషాల్లో శరీరం పైకి వెళ్లి కిందికి దిగుతుంది. ఆ దిగడం రాత్రి నిద్రను కూడా బాగు చేస్తుంది. నిద్ర దగ్గర అసలు ఆట తేలుతుంది. 164 మంది చేతికి కదలికలను కొలిచే పరికరం కట్టి వారం పాటు వాళ్ల నిద్రను లెక్కించి, తర్వాత ముక్కులో జలుబు వైరస్ వేశారు. ఏడు గంటలకు మించి నిద్రపోయినవాళ్లతో పోలిస్తే ఆరు గంటల లోపు నిద్రపోయినవాళ్లకు జలుబు చేసే అవకాశం 4.2 రెట్లు ఎక్కువ. ఇది 2015 నాటి ఫలితం. నైటౌట్ కొట్టి చదవడం ఘనకార్యంగా చెప్పుకునే ప్రతి హాస్టల్‌లోనూ దీన్ని నోటీసు బోర్డులో పెట్టాలనిపిస్తుంది.

అయితే ‘రోజూ వ్యాయామం చెయ్యి, టెన్షన్ పడకు’ అని పిల్లలకు చెప్పేసి చేతులు దులుపుకోవడం అన్యాయం. అపార్ట్‌మెంట్ లాంటి భవనాల్లో నడిచే జూనియర్ కాలేజీల్లో గ్రౌండే ఉండదు. తెల్లవారుజాము స్టడీ అవర్‌తో మొదలై రాత్రి స్టడీ అవర్‌తో ముగిసే రోజులో కాలు కదపడానికి ఖాళీ ఎక్కడ? 5 నుంచి 17 ఏళ్ల వారికి రోజుకు సగటున గంట, 18 దాటినవారికి వారానికి 150 నుంచి 300 నిమిషాలు కదలిక కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. ఇంటర్ పిల్లలు చాలామంది ఆ గంట లెక్కలోకే వస్తారు. గ్రౌండ్ ఉన్న ఇంజినీరింగ్ కాలేజీల్లోనూ అది అబ్బాయిల క్రికెట్‌కే చెల్లిపోతుంది. అమ్మాయిల హాస్టల్ గేటు చీకటి పడకముందే మూసేస్తారు. భద్రత పేరుతో వాళ్ల సాయంత్రాన్ని లాక్కోవడం వాళ్ల ఆరోగ్యాన్ని లాక్కోవడమే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఐరన్ లేకపోతే ఆయాసం వస్తుంది, తెల్ల రక్తకణాల ఎదుగుదలా కుంటుపడుతుంది. అలాంటి అమ్మాయిని బద్ధకస్తురాలని తిట్టే ముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించాలి. ఇక ఇరుకు గదిలో మంచాలు ఆనించి వేసి, కిటికీలు మూసుకుని పడుకుంటే ఒకరికి వచ్చిన జలుబు అందరికీ అంటుకుంటుంది. ఎంత వ్యాయామం చేసినా ఆ లెక్క మారదు.

ఉన్నంతలో ఏం చేయొచ్చు అంటే, పరీక్షల నెలలో నడకను, ఆటను మానేయకపోవడం మొదటిది. చాలామంది ముందుగా కోసేసేది ఆ అరగంటనే. కొత్తగా బరువులెత్తడం మాత్రం పరీక్షల వారంలో మొదలుపెట్టొద్దు, ఒళ్లు నొప్పులతో కూర్చోలేరు. మాట్లాడగలిగి, పాట పాడలేనంత ఆయాసం వచ్చే వేగం చాలు. గ్రౌండ్ లేకపోతే మెట్లు ఎక్కి దిగడం, స్కిప్పింగ్, సూర్య నమస్కారాలు, డాబా మీద వడివడిగా నడక. ఇద్దరు ముగ్గురు కలిసి వెళితే ఒంటరితనానికీ మందే. జ్వరం ఉన్నప్పుడు మాత్రం అన్నీ ఆపేయాలి. వైరల్ జ్వరంలో బలవంతంగా పరిగెత్తితే అరుదుగానైనా గుండె కండరానికి వాపు వచ్చే ప్రమాదం ఉంది. తగ్గాక నెమ్మదిగా మొదలుపెట్టాలి. ఇమ్యూనిటీ పెంచుతాయని అమ్మే పొడులకు పెట్టే డబ్బుతో గుడ్లు, పప్పు, జామకాయలు, నువ్వుండలు కొనుక్కోవచ్చు.

అన్నిటినీ టెన్షన్ ఖాతాలో వేయడం కూడా ప్రమాదమే. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం వేళ జ్వరం, బరువు తగ్గడం ఉంటే ప్రభుత్వ ఆసుపత్రిలో కఫం పరీక్ష చేయించుకోవాలి, టీబీ పరీక్ష అక్కడ ఉచితం. వానాకాలంలో గట్టి జ్వరం వస్తే డెంగీయేమో చూడాలి. ‘పరీక్షల భయం, అదే పోతుంది’ అని వార్డెన్ తేల్చేయకూడదు.

పరుగుతో ముగియని ఒత్తిళ్లూ కొన్ని ఉన్నాయి. ఇంట్లో గొడవలు, ర్యాగింగ్, కులం పేరుతో అవమానం, తీరని అప్పు, ఫెయిలైతే బతకలేనన్న ఆలోచన, వీటికి మనిషి కావాలి. నమ్మకమైన లెక్చరరో, అక్కో, స్నేహితుడో ముందు ఉంటే మంచిది. ఎవరూ లేరనిపిస్తే కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో ప్రారంభించిన టెలీ మానస్ ఉంది. నంబరు 14416. పగలూ రాత్రీ ఎప్పుడైనా ఉచితంగా చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు.